వీడియో ఆటల వీరులకు నొప్పి పుట్టదా?



ముప్పై ఏళ్ళకు పైగా బడిపిల్లలకు ఛందస్సూ, అలంకారాలూ, పద్యవ్యాఖ్యానాలూ చెప్పి ఇప్పుడు విశ్రాంతిగా ఉన్న తెలుగు పండితునికి వీడియో ఆటలతో ఏమి పని అని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. పని ఉన్నది. ఉద్యోగవిరమణ తరువాత హైదరాబాదులో మా అబ్బాయి ఇంట ఉంటున్నాను. వాడు రాత్రి భోజనమయ్యాక ఒక గంటసేపు టీవీకి తగిలించిన ఆ ఆటల పెట్టె ముందు కూర్చుంటాడు. నేను పక్క కుర్చీలో కూర్చొని చూస్తాను. వాడు ఆఫీసుకు వెళ్ళిన వేళల్లో ఒకటి రెండు సార్లు కంట్రోలరు నేనే చేతబట్టి చూశాను కూడా. నా వ్రేళ్ళకు ఆ వేగం పట్టుబడదు కనుక, ఎంతటి మహావీరుడైనా నా చేతిలో పడిన మూడు నిమిషాలకు దుర్మరణం పాలవుతాడు. ఆ లెక్కన వీరులను మానవమాత్రులుగా మార్చే విద్య నాకు పుట్టుకతోనే అబ్బినదనుకోవాలి.

పరిహాసం అటుంచుదాము. ఈ ఆటలు కట్టేవారు గత ఇరవై ఏళ్ళుగా ఒక ప్రయత్నం గట్టిగా చేస్తున్నారు. తమ నాయకుడు కొట్టడమొక్కటే తెలిసిన బొమ్మలా ఉండరాదని, అతనికీ నొప్పీ భయమూ దుఃఖమూ ఉండాలని వారి తపన. మెచ్చుకోదగిన తపనే. కానీ అందుకు వారు ఎన్నుకొన్న దారి చాలచోట్ల తప్పుదారి అని నాకు తోస్తున్నది. నాయకుని గాయాన్ని వారు మన కంటికి చూపుతున్నారు. మన చేతికి తెలియనివ్వడం లేదు. ఆటలో మనము ప్రేక్షకులము మాత్రమే కాము కదా! పాత్రధారిలో సగం మనమే. సగం మనిషికి తెలియని నొప్పి మిగతా సగానికి ఎక్కడిది?

మొదట పాతకాలపు సంగతి ఒకటి చెబుతాను. 1992లో 'వుల్ఫెన్‌స్టైన్ 3డి' అనే ఆట వచ్చింది. అందులో నాయకుడు బ్లాజ్కోవిచ్ మన ఎదుట నిలబడడు; అతని కన్నులతోనే మనము లోకాన్ని చూస్తాము. తెర అడుగున మాత్రం తపాలాబిళ్ళంత పరిమాణంలో అతని ముఖం ఉంటుంది. దెబ్బ తగిలినకొద్దీ ఆ ముఖం మీద నెత్తురు పెరుగుతుంది. ఆ పక్కనే ప్రాణం నూటికి ఇంత మిగిలినదని అంకె. మందుల పెట్టెయో ఆహారమో దొరికితే తప్ప ఆ అంకె పెరగదు. గతిలేక కుక్కల కోసం పెట్టిన తిండి తిన్నా ఒక నాలుగు పెరుగుతుంది! ఇది మోటు పద్ధతే. అయినా అందులో ఒక న్యాయమున్నది. ఈ గదిలో తిన్న దెబ్బ తరువాతి గదిలోకి మనతో వస్తుంది. తలుపు తీసే ముందు ఆ నెత్తుటి ముఖాన్ని చూసి ఒక్క క్షణం ఆగుతాము. ఆ ఆగడమే భయం.

2004లో 'హేలో 2', 2005లో 'కాల్ ఆఫ్ డ్యూటీ 2' వంటి ఆటలతో ఈ పద్ధతి మారిపోయింది. ఇప్పుడు దెబ్బ తగిలితే తెర అంచులు ఎర్రబడతాయి. ఒక గోడ చాటుకు పోయి కాసేపు ఊపిరి పీల్చుకొంటే ఎరుపు తొలగి, వీరుడు కొత్తగా పుట్టినవానివలె లేస్తాడు. మందూ అక్కరలేదు, కట్టూ అక్కరలేదు. ఆడేవారికి ఇది ఎంతో సౌకర్యం, కాదనను. ఐతే ఆ సౌకర్యం వెంబడి ఒకటి పోయింది. గాయానికి జ్ఞాపకం పోయింది. చీరుకుపోయిన మోకాలు సైతం మనకు వారం రోజులు గుర్తుంటుంది; గుండె పక్కన గుండు తగిలిన వీరునికి అది అయిదారు సెకన్లైనా గుర్తుండదు.

ఇలా ఆటలోనుండి నొప్పిని తీసివేసిన తరువాత, వీరుడు మరీ రాతిబొమ్మ అయిపోతున్నాడన్న దిగులు కాబోలు, ఆ నొప్పిని తెచ్చి కథలో పెట్టడం మొదలుపెట్టారు. ఆట ఆగి, మన చేతిలోని మీటలు పనిచేయడం మాని, సినిమా మాదిరి కథ నడిచే భాగాలుంటాయి. వాటిని ఇంగ్లీషులో కట్‌సీన్లంటారు. దీనికి తెలుగులో 'విష్కంభం' అందామా అని ఆలోచించాను. సంస్కృత నాటకాలలో అంకాల నడుమ జరిగిన కథను క్లుప్తంగా తెలిపే ఘట్టానికి ఆ పేరున్నది. కానీ విష్కంభం నడిపేది చిన్న పాత్రలు. ఇక్కడ నాయకుడే వచ్చి నిలబడతాడు. కనుక ప్రస్తుతానికి 'కథాఖండం' అని సరిపెడుతున్నాను. మంచి మాట తోచినవారు చెబితే స్వీకరిస్తాను.

కథాఖండాలలో వీరుడు నెత్తురోడుతాడు, కుంటుతాడు, చచ్చిన మిత్రుని మీద పడి విలపిస్తాడు. ఆ ఖండం ముగియగానే మీటలు మన చేతికి వస్తాయి, వీరుడు లేచి దూకుతాడు. ఒకే పేరు పెట్టుకొన్న ఇద్దరు మనుషులన్నమాట. ఒకడికి ప్రాణభయమున్నది, రెండవవాడికి లేదు. కథ చెప్పే మాటకూ ఆట చేయించే పనికీ పొసగని ఈ స్థితిని 2007లో క్లింట్ హాకింగ్ అనే ఆటల రూపకర్త 'బయోషాక్' అనే ఆటను విమర్శిస్తూ ఎత్తిచూపాడు. ఆయన దానికి పెట్టిన పేరు నోరు తిరగనంత పొడవు. ఆ పేరు ఆటలవారికి ఎంత అలవాటైపోయినదంటే, 2016లో వచ్చిన 'అన్‌చార్టెడ్ 4'లో వెయ్యిమంది శత్రువులను చంపినవారికి ఇచ్చే బహుమతికి పరిహాసంగా ఆ పేరే పెట్టారు. తప్పు చూపించినవాని మాటనే పతకంగా చేసి తగిలించుకోవడం! మన కవులలో కూడా ఈ చమత్కారం తెలిసినవారు తక్కువ.

ఆ అన్‌చార్టెడ్ వరుసలోని నాయకుడు నేథన్ డ్రేక్‌ను గురించి మరొక ముచ్చట ఉన్నది. అతడు చొక్కా నలిగిన, గడ్డం గీసుకోని, నోటికి ఎప్పుడూ హాస్యం వచ్చే సామాన్యుడు. అతనికి ఇన్ని గుండ్లు తగిలినా చావడేమి అని అందరికీ సందేహం. 2018లో, ఆ ఆటలకు పనిచేసిన జొనాథన్ కూపర్ అనే యానిమేటరు దాని లోగుట్టు చెప్పాడు. తెర ఎర్రబడడమంటే గుండు తగలడం కాదట. అదృష్టం అయిపోతూ ఉండడమట. ఆ అదృష్టం పూర్తిగా చెల్లినప్పుడు తగిలేదే అసలు గుండు, దానితో అతడు చనిపోతాడు. నాకు ఈ సమర్థన చాలా నచ్చింది. మన వ్యాఖ్యాతలు పురాణంలోని విరోధాన్ని పరిహరించే తీరులోనే ఉన్నది. కానీ వ్యాఖ్యానం చదివితే తప్ప మూలంలో కనపడని అర్థం మూలానికి బలమా? ఆడేవాడు ఎర్రని తెర చూసి 'అయ్యో దెబ్బ' అనుకొంటాడే గాని 'అయ్యో అదృష్టం' అనుకోడు.

ఇక లారా క్రాఫ్ట్ సంగతి. ఈ విషయమై అందరూ మొదట చెప్పే ఉదాహరణ ఈమెదే కనుక కొంచెం నిదానంగా చూద్దాము. 1996లో ఇంగ్లండులోని డెర్బీ పట్టణపు కోర్ డిజైన్ సంస్థ 'టూంబ్ రైడర్' తెచ్చినప్పుడు ఆమె రెండు చేతులా రెండు పిస్తోళ్ళతో, ఎలుగుబంట్లను మొదలుకొని డైనోసారు దాకా కాల్చి, జడ విదిలించుకొని పోయే శిలాప్రతిమ. 2013లో క్రిస్టల్ డైనమిక్స్‌వారు ఆమె కథను తిరిగి మొదటినుండి చెప్పారు. ఆ కథకు ముఖ్యరచయిత్రి రియానా ప్రాచెట్. ఇందులో లారాకు ఇరవైఒక్క ఏళ్ళు. ఓడ పగిలి యమతాయి అనే దీవిలో పడుతుంది. ఆట మొదలైన కొద్దిసేపటికే ఎత్తునుండి పడినప్పుడు ఒక ఇనుపకమ్మి డొక్కలో దిగబడుతుంది. దానిని తానే ఊడబెరుక్కొంటుంది. ఆకలికి ఆగలేక ఒక జింకను బాణంతో కొట్టి, దానికి క్షమాపణ చెప్పుకొంటుంది. ఆ తరువాత మొదటిసారి ఒక మనిషిని చంపవలసివచ్చినప్పుడు వణికిపోతుంది, ఏడుస్తుంది.

భరతుడు ఎనిమిది సాత్త్వికభావాలు చెప్పాడు. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము. అనగా కొయ్యబారడం, చెమట, గగుర్పాటు, గొంతు పూడుకొనడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, మూర్ఛ. మనసులోనిది మన ప్రమేయం లేకుండా ఒంటిమీద తేలే గుర్తులివి. ఈ లారాలో ఇవన్నీ ఇంచుమించుగా ఉన్నాయి. అంత శ్రద్ధగా చేశారు. కానీ ఏమి ప్రయోజనం? మొదటి హత్యకు వణికిన చెయ్యి, కాసేపటికే పదుల కొద్దీ మనుషులను తడుముకోకుండా కూలుస్తుంది. తలకు గురిపెట్టి కొడితే అదనపు మార్కులు కూడా వేస్తారు! ఏడుపుకు మార్కులు లేవు, గురికి ఉన్నాయి. మార్కులు దేనికి వేస్తారో పిల్లలు దానినే నేర్చుకొంటారన్నది నా ముప్పై ఏళ్ళ అనుభవం.

న్యాయంగా మరొక మాట చెప్పాలి. అదే ఆటలో ఒకచోట హెలికాప్టరు కూలిన తరువాత లారాకు పాతగాయం తిరగబెడుతుంది. పక్క పట్టుకొని కుంటుకొంటూ నడవాలి. మందులపెట్టె వెదుకుకోవాలి. చివరకు బాణపు ములికిని కాల్చి తన గాయానికి తానే వాత పెట్టుకొంటుంది. ఆ కుంటి నడక నడిపించేది మనమే. ఎంత మీట నొక్కినా ఆమె పరుగెత్తదు. ఆ కాసేపు నాకు ఆమె మనిషిగా కనిపించింది. మిగిలిన ఆట అంతటా వినిపించిన మూలుగులన్నీ కలిపినా ఈ నాలుగడుగులకు సాటిరావు.

ఆ మూలుగులను గురించి కూడా అడగవలసినది ఉన్నది. 2012లో ఆ ఆట నిర్మాణకర్తలలో ఒకరు, ఆడేవారికి లారాను కాపాడాలనిపిస్తుంది అన్న అర్థంలో మాట్లాడగా పెద్ద దుమారం రేగింది. రేగవలసినదే. పురుషవీరుణ్ణి మానవుణ్ణి చేయాలంటే అతనికి అలసటా, పశ్చాత్తాపమూ ఇస్తారు. స్త్రీని చేయాలంటే చిత్రహింస పెడతారు. ఏటి ప్రవాహంలో కొట్టుకుపోతూ మనము దారి తప్పితే, ఒక కొయ్యమొన ఆమె గొంతులో దిగబడడం దగ్గరనుండి చూపుతారు. రంగం మీద మరణం చూపరాదని మన లాక్షణికులు విధించినది పిరికితనంతో కాదు. మరణాన్ని వినోదం చేయరాదని వారి భావమని నేను అనుకొంటాను.

ఐతే ఆ నియమాన్ని దాటిన నాటకమూ మనకొకటి ఉన్నది. భాసునిదిగా ప్రసిద్ధికెక్కిన 'ఊరుభంగం'లో దుర్యోధనుడు రంగం మీదనే మరణిస్తాడు. నేను చెప్పదలచిన దానికి అంతకన్న మంచి ఉదాహరణ ఎక్కడా దొరకదు. గదాయుద్ధంలో భీముడు అతని తొడలు విరగగొట్టాడు. గుడ్డి తండ్రి, తల్లి, భార్యలు, చిన్న కొడుకు దుర్జయుడు రణభూమిలో అతణ్ణి వెదుకుకొంటూ వస్తారు. పిల్లవాడు తండ్రిని చూడగానే అలవాటు చొప్పున తొడమీద కూర్చోబోతాడు. తండ్రి వారించవలసివస్తుంది. ఇంతే. గాయం లోతెంత, నెత్తురెంత అన్న ప్రసక్తి ప్రేక్షకునికి అక్కరలేదు. నిన్నటిదాకా ఆ ఒంటికి సులువైన ఒక చిన్న పని ఇక దానికి చేతకాదు. అది తెలిసిన క్షణంలో, అంతదాకా మనము ద్వేషించిన దుర్యోధనుడు మన ఇంటి మనిషి అయిపోతాడు.

వీరుణ్ణి మానవుణ్ణి చేసేది నొప్పి కాదు, చేతకానితనం. అందులోనూ నిన్న చేతనైనది ఇవాళ చేతకాకపోవడం. నాటకానికి దీనిని చూపించడమే సాధ్యం. వీడియో ఆటకు అంతకన్న పెద్ద సాధనమున్నది. నిన్న పనిచేసిన మీటను ఇవాళ పనిచేయకుండా చేయగలదు! కవికీ, నటునికీ లేని ఈ ఆయుధాన్ని చేతిలో పెట్టుకొని, సినిమావారి దగ్గర ఏడుపు అప్పు తెచ్చుకోవడం ఎందుకో నాకు బోధపడదు.

సాధించినవారు లేకపోలేదు. విచిత్రమేమంటే వారిలో మొదటివాడు ఎంతో పాతవాడు. 1989 నాటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' మీలో చాలమందికి గుర్తుండే ఉంటుంది. కంప్యూటరు నేర్పే చోట్ల పాఠం మానేసి పిల్లలు ఆడుకొన్న ఆట. దానిని చేసిన జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు డేవిడ్‌కు తెల్లబట్టలు తొడిగి, పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలను ఒక్కొక్క బొమ్మగా గీసి కంప్యూటరులోకి ఎక్కించాడు. అందుకే ఆ రాజకుమారునికి బరువున్నది. పరుగెత్తేవాడు ఉన్నపళంగా ఆగలేడు, కాళ్ళు నిలదొక్కుకోవాలి. రెండంతస్తులనుండి పడితే ప్రాణంలో ఒక భాగం పోతుంది, మూడంతస్తులనుండి పడితే మనిషే పోతాడు. గడువు అరవై నిమిషాలు. ఎక్కడా ఒక్క కన్నీటిబొట్టు లేదు. ఐనా గోడ అంచు పట్టుకొని వేలాడే ఆ చిన్న బొమ్మను చూస్తే మన అరచేతులు చెమర్చేవి. సాత్త్వికభావం కలగవలసినది బొమ్మకు కాదు, మనకు.

అదే ఆటలో ఒక అద్దం వస్తుంది. దానిని చీల్చుకొని దూకితే, రాజకుమారుని నీడ విడివడి ఎదిరిపక్కకు పోతుంది. ఆ నీడ దారిలో అడుగడుగునా చెరుపు చేస్తుంది. చివరకు కత్తి దూసి ఎదుట నిలుస్తుంది. దానిని పొడిస్తే మనకు గాయమవుతుంది. చంపితే మనమే చస్తాము. దాటే ఉపాయం ఒక్కటే, కత్తి ఒరలో పెట్టి ఎదురుగా నడవడం. ఇంతటి ఆలోచన పుట్టడానికి కారణమేమిటో తెలుసునా? అప్పటి యాపిల్ కంప్యూటరు జ్ఞాపకంలో మరొక శత్రువు బొమ్మకు చోటు చాలలేదు. ఉన్న రాజకుమారుని బొమ్మనే రూపు మార్చి శత్రువుగా నిలబెట్టారు. యతిప్రాసల ఇరుకులోనే మంచి మాట దొరుకుతుందని మేము పిల్లలకు చెప్పేది ఇదే!

జపానుకు చెందిన ఫుమితో ఉయెదా 2001లో చేసిన 'ఐకో' మరొకటి. తలపై కొమ్ములున్న పిల్లవాడు ఒక బాలికను చేయి పట్టుకొని శిథిలమైన కోటనుండి బయటికి తీసుకుపోవాలి. ఆమె చేయి పట్టుకోవాలంటే ఒక మీటను అలాగే నొక్కి పట్టుకొని ఉండాలి. వదిలితే చేయి వదిలినట్లే. నీడభూతాలు పిల్లవాణ్ణి ఎంత కొట్టినా అతడు చావడు, పడి లేస్తాడు. వారు ఆమెను ఎత్తుకుపోతే మాత్రం ఆట ముగిసినట్లే. తన ఒంట్లో లేని ప్రాణం చేతిలోని మరొక చేతిలో ఉన్నది. దీనికి వ్యాఖ్య అక్కరలేదనుకొంటాను.

పైన చెప్పిన బ్లాజ్కోవిచ్ కూడా పాతికేళ్ళ తరువాత, 2017లో 'వుల్ఫెన్‌స్టైన్ 2'లో మళ్ళీ కనిపిస్తాడు. ఆట మొదలయ్యేటప్పటికి అతడు చక్రాల కుర్చీలో ఉన్నాడు. మొదటి యుద్ధమంతా ఆ కుర్చీ చక్రాలు తోసుకొంటూ చేయవలసినదే. కుర్చీ దిగిన తరువాత కూడా చాలసేపు అతని ప్రాణం అంకె 50 దగ్గరే ఆగిపోతుంది, నూరు కాదు. ఎంత మందు వేసినా సగం మనిషే. ఆ ఆట నాకు మొత్తం మీద నచ్చలేదు, నరకడం మరీ ఎక్కువ. కానీ ఆ యాభై అంకె మాత్రం బాగున్నది.

2008లో వచ్చిన 'మెటల్ గేర్ సాలిడ్ 4'లో ముసలివాడైపోయిన స్నేక్ అనే వీరుడున్నాడు. చాలసేపు గొంతుకూర్చుని లేస్తే నడుము పట్టుకొంటాడు. ఈ మొత్తం వీరలోకంలో నాకు దొరికిన ఏకైక ఆత్మబంధువు అతడే.

మెచ్చినవి చెబుతూ పోతే మెచ్చనిది మరచిపోతాను. వీరునికి హృదయం ఉన్నదని చూపడానికి మొదటి ఘట్టంలోనే అతని భార్యనో కూతురినో చంపడం ఒక ఆచారమైపోయింది. 2001 నాటి 'మాక్స్ పేన్'లో భార్యా, పసిబిడ్డా. 2013 నాటి 'ది లాస్ట్ ఆఫ్ అస్'లో కూతురు. ఈ రెండవది గొప్ప ఆట, ఆ కూతురి మరణం కథకు వేరు వంటిది, కనుక దానిని నేను తప్పుపట్టను. దానిని చూసి వాతలు పెట్టుకొన్నవారితోనే నా తగవు. చచ్చినవారికి పేరు తప్ప మరేమీ ఉండదు. వారి పని మగవాని కంటికి తడి తేవడం. కరుణరసానికి ఇంత చవక దారి మన నాటకాలవారూ తొక్కారు, సినిమాలవారూ తొక్కారు. ఆటలవారు కూడా తొక్కాలా?

అందరికంటె ఎక్కువగా నన్ను పట్టుకొన్నవాడు ఆర్థర్ మోర్గన్. 2018లో రాక్‌స్టార్ సంస్థ తెచ్చిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' నాయకుడు. కాలం 1899, అమెరికా పడమటి ప్రాంతాలలో దోపిడిముఠాల చివరి రోజులు. ఆర్థర్ ఒక ముఠాలో ముఖ్యుడు. ఆరడుగుల మనిషి, తిరుగులేని గురి. ఆట మొదటి భాగంలో ఒక పేదరైతు దగ్గరకు బాకీ వసూలుకు పోతాడు. డౌన్స్ అనే ఆ రైతు అప్పటికే జబ్బుమనిషి. ఆర్థర్ అతణ్ణి కొడతాడు. రైతు దగ్గి, నెత్తురు ఆర్థర్ ముఖం మీద పడుతుంది. తుడుచుకొని వచ్చేస్తాడు. మనమూ మరచిపోతాము. ఎన్నో గంటల ఆట తరువాత, నగరవీథిలో ఆర్థర్ కుప్పకూలుతాడు. వైద్యుడు చూసి క్షయ అంటాడు.

1899లో క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. మా తాతగారి తమ్ముడొకరు ఈ జబ్బుతోనే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియంలో కొన్నాళ్ళు ఉన్నారని ఇంట్లో పెద్దలు చెప్పేవారు. బస్తా ధాన్యం ఒంటిచేత్తో బండికెక్కించే మనిషి, తరువాత అరుగు మెట్లు రెండెక్కి మూడవదాని మీద కూర్చొనేవాడట. ఆయనను నేను చూడలేదు. ఆ మూడవ మెట్టు మాత్రం చిన్నప్పటినుండీ నా కళ్ళకు కట్టి ఉన్నది.

ఆర్థర్ కూడా అలాగే చిక్కిపోతాడు. ముఖం పాలిపోతుంది, కళ్ళు ఎర్రబడతాయి, మాట మధ్యలో దగ్గు తెర అడ్డం వస్తుంది. ఇది గోడచాటుకు పోతే తగ్గే గాయం కాదు. ఆట చివరిదాకా తగ్గదు. పైగా అది యాదృచ్ఛికంగా వచ్చినది కూడా కాదు. ఆ రైతు ఇంటికి గుర్రాన్ని నడిపించినది మన వ్రేళ్ళే. ఆట సాగాలంటే పోక తప్పదు కనుక పోయాము, తప్పు మనది కాదని వాదించవచ్చు. ఆర్థర్ వాదమూ అదే కదా, ముఠా సాగాలి కనుక పోయాను అని! తరువాత, మనము కోరుకొంటే, ఆ రైతు భార్యకూ కొడుకుకూ ఎదురుపడి చేతనైన సాయం చేయవచ్చు. ఆమె అతణ్ణి సులువుగా క్షమించదు. క్షమించనివ్వకుండా రాసినవారికి నా నమస్కారం.

లోపమూ ఉన్నది. ఊపిరాడని ఆ రోగి చివరి భాగంలోనూ గుంపులు గుంపులుగా మనుషులను కాలుస్తూనే ఉంటాడు. గురి చెదరదు. చేయి వణికి ఉంటే, తుపాకి ఎత్తినప్పుడల్లా దగ్గు వచ్చి గురి తప్పిపోతూ ఉంటే ఎలా ఉండేది? అంతటి గొప్ప సంస్థ కూడా మన చేతిలోని మీటను నిజంగా చెడగొట్టడానికి జంకింది.

ఎందుకు జంకుతారో మా అబ్బాయి చెప్పాడు. "నాన్నగారూ, రోజంతా ఆఫీసులో ఓడిపోయి ఇంటికి వచ్చినవాడికి, ఈ గంటసేపైనా గెలవాలని ఉండదా? మీ దుర్యోధనుణ్ణి పెడితే పెట్టె అమ్ముడుపోదు" అన్నాడు. ఈ మాటను నేను తేలికగా తీసివేయలేదు. రాత్రి పన్నెండింటికి కూడా ఫోనులో ఎవరికో సంజాయిషీ చెప్పుకొనే వాణ్ణి చూస్తున్నాను. అలసినవానికి బలం కావాలి. రంగురంగుల టోపీలు పెట్టుకొని పుట్టగొడుగుల మీద గెంతే బొమ్మలను కూడా ఏడిపించమని నేను అడగడం లేదు. అది హాస్యరసం, దాని ధర్మం దానిది.

కానీ వాడికే ఒక సంగతి గుర్తుచేశాను. వాడు గెలిచిన ఆటలు ఇరవై పైన ఉంటాయి. భోజనాల దగ్గర వాడు తిరిగి తిరిగి చెప్పేది మాత్రం ఆర్థర్ సంగతే. గెలిచిన యుద్ధాల ఊసే లేదు. ఆర్థర్ దగ్గుతూ గుర్రం దిగి ఒక చెట్టుకు చేరబడిన సాయంత్రం, ముందుకు పోవాలని అనిపించక మీటల మీదినుండి చేయి తీసి ఊరకే కూర్చున్నానని చెప్పాడు. ఆ మాట చెప్పినప్పుడు వాడి గొంతు ఎలా ఉన్నదో నేను విన్నాను. ఓడిపోయి వచ్చినవానికి గెలుపు ఒక్కటే ఓదార్పు కాదు. తనవంటివాడు మరొకడున్నాడని తెలియడమూ ఓదార్పే.

ఇంతా చెప్పి మన మాట చెప్పకపోతే ఎలా? 2020లో పుణెలోని నాడింగ్ హెడ్స్ సంస్థవారు 'రాజీ' అనే ఆట చేశారు. తమ్ముణ్ణి రాక్షసులెత్తుకుపోతే వెదుకుతూ బయలుదేరిన సర్కసు పిల్ల కథ. చూడముచ్చటగా ఉన్నది. మన పురాణాలతో ఇటువంటివి చేయవచ్చునని అది నిరూపించింది. హైదరాబాదులోనూ ఈ విద్య నేర్చిన యువకులున్నారు. వారికి నా మనవి ఒకటి. అర్జునునితో ఆట చేయవద్దు. గాండీవానికి తిరుగులేదు, అక్షయతూణీరంలో బాణాలు తరగవు, రథం మీద సాక్షాత్తు శ్రీకృష్ణుడు. ఇక ఆడేదేమున్నది?

కర్ణునితో చేయండి. ఇతిహాసం రాసినవాడే అతని కథను ఆట నియమాలుగా రాసిపెట్టాడు. కవచకుండలాలు ఉన్నంతసేపు దెబ్బ తగలదు. అడిగినవానికి లేదనరాదు కనుక వాటిని మన చేతితోనే కోసి ఇవ్వాలి, ఆ మీట మనమే నొక్కాలి. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే. అర్జునుని కోసం దాచుకొన్నదానిని ఘటోత్కచుని మీద వాడేయక తప్పని రాత్రి వస్తుంది. భూమి చక్రాన్ని మింగుతుంది. పరశురాముని శాపం వలన, ఆట మొదటినుండి మన బొటనవ్రేలికి అలవాటైపోయిన మంత్రపు మీట, అవసరం వచ్చిన ఆ ఒక్క వేళ నొక్కినా పలకదు.

తరగతిలో ఈ ఘట్టం చెప్పినప్పుడల్లా వెనుక బెంచీలనుండి ఒకడు లేచి "మంత్రం ఎలా మరచిపోతాడు మాస్టారూ, అంత బాగా వచ్చినది?" అని అడిగేవాడు. శాపమని చెబితే వాడికి తృప్తి కలిగేది కాదు. మీటను రెండుసార్లు, మూడుసార్లు, కంగారుగా పదిసార్లు నొక్కి చూస్తే వాడికి తెలిసి ఉండేది.